సీసాలు చూసిన మనిషి

ఆ ఇంట్లో గాజు గ్లాసు ఒక్కటి కూడా లేదు. నీళ్ళకు స్టీలే, టీకి స్టీలే. పెళ్ళయిన కొత్తలో ఇల్లాలు ముచ్చటపడి అరడజను గాజు గ్లాసులు కొనుక్కొచ్చింది. ఇంటాయన ఒక్కొక్కదాన్నీ కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. గోటితో మీటి విన్నాడు. "ఒకదాంట్లో పొక్కుంది. రెండింటికి అంచు పలచన. ఇదిగో, ఇది బల్ల మీద సరిగ్గా నిలబడదు. మిగతా రెండూ బాగానే ఉన్నాయి గానీ, నాకెందుకో నమ్మకం లేదు" అని ఆరింటినీ మళ్ళీ అట్టపెట్టెలోనే సర్దేశాడు. ఆవిడ ఇక గాజు జోలికి పోలేదు. అది జరిగి ఇరవై నాలుగేళ్ళు.

ఆ పొద్దున కూడా కూతురు పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసును రుమాలుతో పట్టుకుని ఊదుకుంటూ నిలబడింది.

"లోకంలో అందరూ టీ తాగుతారు. మనం మాత్రం చేతులు కాల్చుకుంటాం."

"చల్లారాక తాగవే ప్లీడరూ. టీ ఎక్కడికీ పారిపోదు" అంది నాన్నమ్మ మంచం మీంచి.

ప్లీడరు అన్నది ఆ పిల్లకు నాన్నమ్మ పెట్టిన పేరే. మూడేళ్ళ వయసులోనే ఎదురు ప్రశ్న వేయకుండా అన్నం తినేది కాదట. ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. పనిచేసేది ఫోన్ల కొట్లో. కొట్లో నలుగురు అమ్మాయిలు ఉండేవాళ్ళు, ఇద్దరిని తీసేశారు. మిగిలిన ఇద్దరి జీతం సగానికి కోశారు. ప్లీడరు ఇప్పుడు ఇంట్లోనే వాదిస్తుంది, కొట్లో నోరెత్తదు.

తండ్రి అద్దం ముందు నిలబడి గడ్డం రెండోసారి గీసుకుంటున్నాడు. సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పనిలో ఇరవై ఆరేళ్ళు ఉన్న మనిషి. ఆ పనికి కెమెరా మిషను వచ్చాక, ఎనిమిది నెలల కిందట పొమ్మన్నారు. అప్పట్నుంచి కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు. బజారులో సగం షాపుల షట్టర్లు దించే ఉన్నాయి. గోదాములో నాలుగు ఖాళీలుంటే నాలుగొందల మంది వరసలో నిలబడ్డారు. అక్కడ అరచేతుల మీద సిరాతో నంబర్లు వేశారు. ఇంటికొచ్చే ముందు కుళాయి దగ్గర రుద్దుకున్నాడు కానీ, అన్నం కలుపుతుంటే మూడువందల పన్నెండు అన్న అంకె కూతురి కంట పడనే పడింది. ఆమె ఏమీ అడగలేదు.

ఈ రోజు మాత్రం ఇంట్లో గాలి కాస్త తేలిగ్గా ఉంది. ఊరి చివర మందుసీసాల ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. పదకొండు గంటలకు రమ్మన్నారు.

"ఏమండీ, ఆ కాలరు లాగకండి. నిన్ననే తిరగేసి కుట్టాను" అంది తల్లి, కుట్టుమిషను దగ్గర్నుంచి తలెత్తకుండానే.

"అయితే మా వాడికి పని వచ్చేసినట్టే!" అంది నాన్నమ్మ.

"పిలిచారు అత్తయ్యా. ఇంకా ఇవ్వలేదు."

"ఇవ్వనివాళ్ళు పనిగట్టుకుని పిలుస్తారా? నువ్వు మరీ చెబుతావు."

ప్లీడరు సంచిలోంచి కాయితం తీసి తండ్రికిచ్చింది. ఆయన పని వివరాలున్న కాయితం అది. ఫోనులో తనే తయారుచేసి, దారిలో కొట్లో అచ్చు తీయించింది. ఆయన దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. కాయితమైనా సరే, ఆయన చూపు అంతే. మొదటి లైను చదివాడు. రెండోది చదివాడు. మూడో లైను దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటమ్మా?"

"ఏది?" అంది ప్లీడరు. ఏదో ఆమెకు తెలుసు.

"కెమెరా తనిఖీ యంత్రం నడపడంలో ఆరేళ్ళ అనుభవం... ఎవరికి?"

కుట్టుమిషను చప్పుడు నెమ్మదించింది.

"అందరూ అలాగే రాస్తారు నాన్నా. కాస్త అటూ ఇటూ..."

"కాస్తా? నా నోటి దగ్గర కూడు లాక్కున్న మిషన్ని నేనే ఆరేళ్ళు తోలానని రాశావు. అది వచ్చి ఏడాది కూడా కాలేదు!"

"నిజం రాసి యాభై మూడు చోట్లకు పంపాను. ఒక్కడు పలికాడా? ఈ ఒక్క లైను కలిపి ఒక్క చోటుకు పంపాను. మూడో రోజు ఫోన్ చేశారు. ఇప్పుడు చెప్పు, తప్పు నాదా, వాళ్ళదా?"

"అబద్ధం చెప్పి లోపలికి పోతే మిషను ముందు నిలబెట్టి నడపమంటారు. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నేర్చుకుంటావు!"

"ఎప్పుడు? వాళ్ళు చూస్తుండగానా?"

ప్లీడరుకు ఎనిమిది నెలల ఉక్రోషం ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

"అయితే ఏం రాయమంటావో నువ్వే చెప్పు! ఇరవై ఆరేళ్ళు ఏం చేశావు నాన్నా? సీసాలు చూశావు. కాయితం మీద అదే రాయనా, సీసాలు చూశాడు అని? ఎవడిస్తాడు దానికి ఉద్యోగం?"

కుట్టుమిషను పూర్తిగా ఆగిపోయింది. ప్రతి మాటకూ మాట అందించే నాన్నమ్మ కూడా గోడవైపు తిరిగి పడుకుంది. తండ్రి కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పెరట్లోకి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను వెళ్ళను" అన్నాడు అక్కణ్నుంచే.

తల్లి లేచి గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. గట్టిగా మాట్లాడాల్సినప్పుడు ఇంకా నెమ్మదిగా మాట్లాడుతుంది.

"వెళ్తారు. పదకొండింటికి రమ్మన్నవాళ్ళు ఎదురుచూస్తూ కూర్చుంటారు. వెళ్ళి, ఆ లైను నిజం కాదని చెప్పి, తిరిగి రండి. చెప్పకుండా మానేస్తే అది రెండో అబద్ధం." కూతురివైపు తిరిగింది. "రాసింది నువ్వు. కొట్టుకి రానని చెప్పు. నాన్నతో వెళ్ళు."

"నేనా?"

"మరి ప్లీడరంటే ఎవరు, నేనా?"

*

బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు గానీ మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ ఉంది. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. ఆమె ఆయన చేతుల్ని చూస్తోంది. పొట్టి వేళ్ళు. గోళ్ళు ఎప్పుడూ దగ్గరికి కత్తిరించి ఉంటాయి.

ఆమెకు చిన్నప్పటి సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఆయన పని నుంచి రాగానే ముందు గదిలో లైటు తీసేసి, తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని గంటసేపు చీకట్లో పడుకునేవాడు. "లైటు వేయకు, నాన్న కళ్ళు" అనేది అమ్మ. ప్లీడరు పొయ్యి పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేది. ఎదురింటి పిల్లల్ని వాళ్ళ నాన్న సినిమాకు తీసుకెళ్తుంటే చూస్తూ కూర్చునేది. తన నాన్నకు సినిమా పడదు, టీవీ పడదు. సీసాలు చూసి చూసి మనిషి సీసాలాగే అయిపోయాడు, లోపల ఏమీ లేదు అనుకునేది. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. ఈ పొద్దున దాదాపు అదే అంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాదారు పుస్తకంలో పేరు వెతికి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"ఖాళీ ఒకటే ఉంది. ఇద్దరొచ్చారేం?"

"ఆయన ఉద్యోగానికి. నేను క్షమాపణకి" అంది ప్లీడరు.

"దానికీ లైనుందమ్మా" అన్నాడు కాపలాదారు, లోపల బల్లల మీద కూర్చున్న పాతికమందిని చూపిస్తూ.

అందరూ కుర్రాళ్ళే. ఒళ్ళో ఫైళ్ళు, చేతిలో ఫోన్లు. తిరగేసి కుట్టిన కాలరు వాళ్ళలో ఆయనొక్కడిదే.

*

మేనేజరు నలభై అయిదేళ్ళ మనిషి. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంది. కొలిమి హోరులో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"అమ్మా, ఆ కాయితంలో మూడో లైను నిజం కాదు. ఆ మిషను నేనెన్నడూ నడపలేదు. అది వచ్చాకే మమ్మల్ని పంపేశారు. చెప్పి పోదామని వచ్చాను."

"ఆ లైను రాసింది నేను. నాన్నకు తెలియదు" అంది ప్లీడరు గబగబా.

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పెన్సిలు తీసి తన చేతిలోని జాబితాలో ఆయన పేరు మీద అడ్డంగా గీత గీసింది. ఆ గీత చప్పుడు ప్లీడరుకు వినపడింది.

"పొద్దున్నుంచి తొమ్మిది మందితో మాట్లాడాను. అబద్ధమని తెలిసీ దబాయించినవాళ్ళే ఎక్కువ. మీరు నిజం చెప్పారు, సంతోషం. కానీ నాకు కావాల్సింది మిషను నడిపేవాడు. ఏమనుకోకండి."

"ఏమనుకుంటానమ్మా. ఉన్న మాటే కదా."

అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కాపలాదారుకు చెప్పి పంపుదామని మేనేజరే వాళ్ళతో పాటు బయటకు నడిచింది. దారి ఫ్యాక్టరీ లోంచే.

ప్లీడరు గాజు పుట్టడం అంతకుముందెప్పుడూ చూడలేదు. పైనుంచి పండిన నారింజ రంగు నిప్పుచుక్క ఒకటి జారింది. ఇనుప మూస నోరు తెరిచి దాన్ని మింగింది. రెప్ప వేసి తీసేలోగా అక్కడ ఎర్రటి సీసా నిలబడి ఉంది. చూస్తుండగానే ఎరుపు చల్లబడి, లోపల్నుంచి తేనె రంగు తేలింది. వెనక ఇంకో చుక్క, ఇంకో సీసా. ఆగకుండా, అలుపు లేకుండా. ఆమె కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. నాన్న ఇరవై ఆరేళ్ళు ఇంత నిప్పు పక్కన నిలబడి, ఇంటికొచ్చి ఒక్కమాటైనా చెప్పలేదేం?

ఆవలి చివర, చల్లారిన సీసాలు బెల్టు మీద బారులు తీరి వస్తున్నాయి. కెమెరా పెట్టెలోంచి దూరి, బయటపడి, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళ చేతుల్లోంచి అట్టపెట్టెల్లోకి పోతున్నాయి. వాటి వెనక పెద్ద కిటికీ ఉంది. ఎండ పడుతోంది.

తండ్రి ఆగాడు. గట్టు మీద నడుస్తున్న రైతు పాము జాడ చూసి ఆగినట్టు, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగాడు.

చెయ్యి చాపాడు. కదిలే బారులోంచి ఒక్క సీసాను మెడ పట్టుకుని తీశాడు.

"ఏయ్ పెద్దాయనా! ముట్టుకోకు! అవి చెకింగయినవి" అని అరిచింది ఒకావిడ.

"అవలేదు తల్లీ" అన్నాడు ఆయన. మేనేజరువైపు తిరిగాడు. "బెల్టు ఆపించండమ్మా. ఇందులో ఊయల ఉంది."

"ఊయలేంటి?"

ఆమె సీసా తీసుకుని చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ప్లీడరు కూడా తొంగి చూసింది. ఏమీ లేదు. శుభ్రమైన ఖాళీ సీసా.

"కెమెరా దాటించిందండీ దీన్ని" అంది మేనేజరు, కాస్త విసుగ్గా.

"ఇటివ్వండి." ఆయన సీసాను కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. ఒక వేలి వెడల్పు తిప్పాడు. ఇంకో గోరంత తిప్పి ఆపాడు.

సీసా కడుపులో, ఈ గోడ నుంచి ఆ గోడకు, సాలెపోగు కంటే సన్నని గాజుదారం ఒకటి వెలిగింది.

ఆయన గోరంత తిప్పితే దారం మాయమైంది. మళ్ళీ తిప్పితే వెలిగింది.

"దీన్నే మేం ఊయల అంటాం. మూసలో వేడి తేడా చేస్తే లోపల ఇలా సాగుతుంది. కెమెరా ఒక పక్కనుంచే చూస్తుంది కదా, దారం దానికి ఎదురుగా తిరిగి ఉంటే చుక్కలా కనిపిస్తుంది. దుమ్మనుకుని వదిలేస్తుంది. ఇందులో ఏం పోస్తారమ్మా?"

మేనేజరు మొహం పాలిపోయింది. "దగ్గు మందు. పిల్లలది."

"పోయగానే తెగుతుంది. తెగిన ముక్క మందులో కనిపించదు. చెంచాలోకి వస్తుంది" అన్నాడు ఆయన. మామూలుగా అన్నాడు. ఆయనకు తెలిసిన విషయం చెప్పాడు, అంతే. తర్వాత సీసాను బోర్లించి అడుగున ఉన్న అంకె చూశాడు. "ఏడు. ఏడో నంబరు మూస. పొద్దున్నుంచి ఏడులోంచి వచ్చినవన్నీ చూడాలి. కొన్ని బయటకు పోయాయా?"

"లారీ లోడవుతోంది."

"ఆపించండి."

ఆ మాట అన్నది, గోదాము వరసలో అరచేతి మీద నంబరు వేయించుకున్న మనిషి కాదు. మేనేజరు మారు మాట్లాడకుండా పరుగెత్తింది.

*

స్టోరు రూములో మూలన పాత వెలుతురు బల్ల ఒకటి దొరికింది. వెనక తెల్ల అద్దం, దాని వెనక ట్యూబులైట్లు. రెండు ట్యూబులు మిణుకుమిణుకుమంటుంటే ఆయన వాటిని మార్పించాడు. కిటికీకి గోనెపట్టా కట్టించాడు. చొక్కా చేతులు మడిచి స్టూలు మీద కూర్చున్నాడు. "అమ్మా, నువ్వు ట్రేలు అందించు" అన్నాడు కూతురితో. పొద్దున గొడవ తర్వాత ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే.

ఆమె అందించింది. అప్పుడు చూసింది.

ఒక్కో చేతికి రెండేసి సీసాలు. మెడలు వేళ్ళ సందున ఇరికి, నాలుగూ ఒక్కసారి వెలుతురులోకి లేచాయి. మణికట్టు ఒక్కసారి మెలి తిరిగింది. నాలుగు సీసాలూ నాలుగు వైపులా చుట్టూ తిరిగి చూపించుకుని కిందకు దిగాయి. ఇంకో నాలుగు లేచాయి. గాజుకు గాజు తగిలిన చప్పుడు లేదు. తొందర లేదు. పొట్టివని తను ఎప్పుడూ అనుకునే ఆ వేళ్ళు, గూట్లో గుడ్లు సర్దే పక్షిలా కదులుతున్నాయి. ఆయన కళ్ళు మాత్రం కదలడం లేదు. ఏ సీసానూ పట్టి చూస్తున్నట్టే లేదు. దూరంగా, చేలకు ఆవల ఎక్కడో చూస్తున్నట్టున్నాడు.

"నాన్నా... నువ్వసలు చూస్తున్నావా?"

"చూడకూడదమ్మా. పట్టి చూస్తే కనిపించదు. ఊరికే పోనివ్వాలి. తప్పున్నదైతే అదే ఆగుతుంది."

ఆగింది. ఒకటి. పక్కన పెట్టాడు. ఇంకో యాభై అయ్యాక ఇంకొకటి.

ఇరవై నిమిషాలు కాగానే, గడియారం వైపు చూడకుండానే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏమైంది?"

"కళ్ళకి సెలవు. అలిసిన కన్ను ఉన్నదాన్ని కూడా లేదంటుంది. అప్పుడు ఆపేయాలి. కన్ను మన సొంతం కాదమ్మా ఈ పనిలో. ఆ సీసా ఎవరింటికి పోతుందో వాళ్ళది."

ప్లీడరు చేతిలో ట్రే బరువెక్కింది. చీకటి గది, తడిగుడ్డ, లైటు వేయకు నాన్న కళ్ళు... ఎవరి పిల్లల కోసమో ఆ కళ్ళను సాయంత్రమల్లా చీకట్లో దాచిపెట్టాడు. ఆయన చేసింది పనే కాదన్నట్టు మాట్లాడింది తను. మూడేళ్ళ వయసు నుంచి మాట కోసం ఎన్నడూ తడుముకోని ప్లీడరుకు నోరు పెగల్లేదు. ట్రే కింద పెట్టి, బయట కుళాయి దగ్గర తన రుమాలు తడిపి తెచ్చి, మూసుకున్న ఆయన కళ్ళ మీద వేసింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆ గుడ్డను అరచేత్తో మెల్లగా నొక్కుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

మూడు గంటలయ్యేసరికి పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడవారగా నిలబడ్డారు. పొద్దున అరిచినావిడ టోపీ తీసి చేతిలో పట్టుకుంది. ఉద్యోగానికి వచ్చిన కుర్రాళ్ళలో ఇద్దరు ఫోన్లు జేబులో పెట్టుకుని మరీ చూస్తున్నారు. పన్నెండొందల సీసాల్లో ఇరవై మూడు ఊయలలు పక్కన వరసగా నిలబడ్డాయి.

మేనేజరు ఆయనకు కనపడకుండా వరసలోంచి ఒకటి తీసి, ప్లీడరు అందించబోయే ట్రే మధ్యలో కలిపేసింది. ప్లీడరు చూసింది. ట్రే అందించింది. నాలుగు లేచాయి, దిగాయి. నాలుగు లేచాయి, దిగాయి. మూడోసారి లేచినవి గాల్లోనే ఆగాయి.

"ఇది ఇందాకే తీశాను కదమ్మా" అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండా. "భుజం దగ్గర చిన్న పొక్కు కూడా ఉంది దీనికి."

గోడ దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆశ్చర్యంలోంచి వచ్చిన నవ్వు. మేనేజరు నవ్వలేదు. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీ ఫ్యాక్టరీకి కెమెరా వచ్చినప్పుడు, దానికి తప్పులు ఎవరు చూపించారు? ఏది మంచిది ఏది చెడ్డది అని?"

"ఇంకెవరమ్మా, మేమే. పన్నెండు మందిమి. నెల రోజులు చెడ్డ సీసాలు ఏరి, ఏది ఎటు తిప్పి పెట్టాలో చెప్పి, చూపించాం. ఊయలల కోసం దానికి రెండో కన్ను పెట్టించింది కూడా మేమే. నేర్చుకుంది. తర్వాత మమ్మల్ని పొమ్మన్నారు."

"ఆ సంగతి మీ కాయితంలో ఎక్కడా లేదేం?"

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "అదీ ఒక పనేనా? చూపించాం, అంతే కదా."

మేనేజరు ప్లీడరు వైపు చూసింది. ప్లీడరు తల దించుకుంది. లేని ఆరేళ్ళు కల్పించి రాసింది తను. ఉన్న నెల గురించి ఒక్కసారైనా ఆయన్ని అడిగి ఉంటే సరిపోయేది.

"మాకు మిషనుంది. దానికి నేర్పేవాళ్ళు లేరు" అంది మేనేజరు. "నడిపేందుకు ఈ కుర్రాళ్ళలో ఒకణ్ని తీసుకుంటాను. మీరు దానికి నేర్పండి, అతనికీ నేర్పండి. ఆరు నెలలకని రాసిస్తాను. మీ పాత జీతం ఇవ్వలేను. రోజులు బాగా లేవు, మీకు తెలుసు. ఆరు నెలల తర్వాత సంగతి అప్పుడు మాట్లాడుకుందాం."

ఆయన చేతిలోని సీసాను బల్ల మీద పెట్టాడు.

"మా వాళ్ళు ఇంకా పదకొండు మంది ఉన్నారమ్మా. నాకంటే చూపున్నవాళ్ళు ఉన్నారు."

"ఒక్కరికే ఇవ్వగలను."

"తెలుసు. అడగకపోతే వాళ్ళకు మొహం చూపించలేను, అందుకడిగాను." జేబులోంచి నాలుగు మడతల కాయితం తీసి ఆమె ముందు పెట్టాడు. "ఆ మూడో లైను కొట్టేయండి. అప్పుడు చేరతాను."

మేనేజరు పెన్సిలు తీసింది. పొద్దున జాబితాలో ఆయన పేరు మీద గీసిన గీతను చెరిపింది. కాయితంలో మూడో లైను మీద గీసింది.

*

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే కుట్టుమిషను ఆగింది.

"ఏమన్నారు?" అంది తల్లి.

ప్లీడరు చెప్పడం మొదలుపెట్టింది. నిప్పుచుక్క దగ్గర మొదలై, లారీ దగ్గర గొంతు పెరిగి, రుమాలు దగ్గర ఆగిపోయింది. వెళ్ళి తండ్రి మోకాళ్ళ దగ్గర కూర్చుని, ఆయన చేతుల్ని తన మొహానికి ఆనించుకుంది.

"పొద్దున అలా అన్నాను నాన్నా."

"ఏమన్నావు? సీసాలు చూశానన్నావు. చూశాను కదా" అన్నాడు ఆయన. ఆ అరచేతులు తడిసేదాకా ఆమె అలాగే ఉండిపోయింది. తల్లి గుడ్డముక్క ఒకటి అందుకుని, దారం తెంపుతున్నట్టు మొహం అటు తిప్పుకుంది.

"ఇంతకీ పని వచ్చిందా లేదా? అది చెప్పరేం!" అంది నాన్నమ్మ.

"వచ్చింది నాన్నమ్మా!"

"నేను పొద్దున్నే చెప్పాను. నా మాట ఎవరు వింటారు?"

తండ్రి సంచిలోంచి గుడ్డలో చుట్టిన సీసా తీశాడు. ఇరవై మూడింటిలో ఒకటి, అడిగి తెచ్చాడు. ప్లీడరు దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి ఎత్తి పట్టుకుంది. ఎంత తిప్పినా ఖాళీ సీసాయే. ఆయన వెనక నిలబడి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గోరంత తిప్పాడు. సాయంత్రపు ఎండలో దారం బంగారంలా వెలిగింది.

తల్లి దగ్గరికొచ్చి చూసింది. ఆవిడ కూడా ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి చూడటం.

"రోజంతా మీరు చూసేది ఇదా?" అంది. అని, సర్దుకుని, "అయితే నాకు రెండు గాజు గ్లాసులు తెచ్చిపెట్టండి. మీరే చూసి తీసుకోండి. నా కొనుగోలు మీకు నచ్చదు" అంది.

"చూస్తాను" అన్నాడు ఆయన. అంతలోనే కూతురివైపు తిరిగాడు. "అమ్మా, మా వాళ్ళు పదకొండు మందినీ రేపు ఆదివారం ఇంటికి రమ్మంటాను. వాళ్ళకూ కాయితాలు రాసిపెడతావా? ఒకచోట కాకపోతే ఒకచోట పనికొస్తాయి."

"రాస్తాను. కానీ ఒక్కొక్కరూ ఏం చేశారో మొత్తం చెప్పాలి. నేను అడుగుతాను. అడిగి రాస్తాను."

"ఈ ప్లీడరు ముందు పాపం వాళ్ళు నిలబడగలరా?" అంది నాన్నమ్మ.

ప్లీడరు ఫోను తీసి, ముందు తండ్రి కాయితం తెరిచింది. తను అతికించిన పెద్ద పెద్ద మాటలన్నీ ఒక్కొక్కటే చెరిపేసింది. తెర తెల్లగా మిగిలింది. కిటికీలో ఆ సీసా నిలబడి ఉంది. దారం ఇప్పుడు కనిపించడం లేదు. ఉందని ఆమెకు తెలుసు.

మొదటి లైను రాసింది.

"ఇరవై ఆరేళ్ళు సీసాలు చూశాడు."